ఉప్మాక దారిలో గారెల వాసన

సత్తియ్య తన టాక్సీకి కొత్త తిండి మప్పి నాలుగు శనివారాలైంది. ఆ పాత కారుకి డీజిలు ఇంజను బిగించిన మెకానిక్కు ఖాదర్ మొహిద్దీనే ఈ ఉపాయమూ చెప్పాడు. సత్తియ్య భార్య కాసులమ్మ బెల్లం మార్కెట్టు దగ్గర గారెలు వేసి అమ్ముతుంది. మూకుట్లో అడుగున మిగిలిన నల్లనూనె ఎలాగూ పారబొయ్యడమే. దాన్ని గుడ్డలో వడగట్టి డీజిల్లో సగానికి సగం కలపమన్నాడు.

ఖర్చు తగ్గిందా అంటే తగ్గింది. వారానికోసారి ఫిల్టరు కడగడానికి పోయే పూటని మాత్రం సత్తియ్య లెక్కలో వేసుకోలేదు. సొంత తెలివికి ఎవరూ కూలి కట్టుకోరు.

అతనికి ఖాయంగా ఉన్న బేరం ఒక్కటే. బెల్లం వర్తకుల ఇంటి పెద్దావిడ సూర్యకాంతమ్మ ప్రతి శనివారం ఒక్కపొద్దుండి, దర్శనమయ్యేదాకా మంచినీళ్లయినా ముట్టకుండా ఉప్మాక వెంకన్న దగ్గరికి వెళ్తుంది.

ఆ శనివారం ఎలమంచిలి దాటాక ఆవిడ, వచ్చే వారం నుంచి కారు అక్కర్లేదంది. సత్తియ్య కారణం అడిగితే, తన మనసు చెడిపోయిందంది. నెల రోజులుగా ఈ దారి పట్టగానే గారెలు గుర్తొస్తున్నాయట. ఆ ధ్యాస పోవాలని సోమవారం కూడా ఉపవాసం మొదలుపెడితే ఇంకా ఎక్కువైందట.

"కిందటి వారం కళ్లు మూసుకుని దణ్ణం పెడితే సామి కనపళ్లేదురా. గారె కనపడింది. చిల్లుతో సహా."

సత్తియ్య నవ్వు ఆపుకోడానికి అవసరం లేకపోయినా గేరు మార్చాడు. కాసేపటికి నవ్వు దానంతటదే పోయింది. నిజం చెబితే, వాడేసిన నూనెతో గుడికి తిప్పేడని బేరం పోతుంది. చెప్పకపోయినా పోతుంది. పైగా తను చెయ్యని పాపాన్ని ఒళ్లో పెట్టుకుని ఆవిడ ఇంట్లో కూర్చుంటుంది.

కారు రోడ్డు పక్కన ఆపి, వెనక నుంచి నూనె డబ్బా తెచ్చి మూత తీశాడు.

"మీ మనసు కాదమ్మా. నా కారు."

ఆవిడ వంగి వాసన చూసింది. సంతోషిస్తుందనుకున్నాడు. మొహం చిన్నబోయింది. డెబ్బై ఏళ్లకి తన లోపల ఇంకా ఒక అల్లరి మిగిలుందని ఆవిడ భయపడింది. భయపడుతూనే నాలుగు వారాలు దాన్ని గుట్టుగా ముద్దుచేసింది. తీరా చూస్తే అదీ తనది కాదు.

గుడి దగ్గర దిగాక కారు తలుపు పట్టుకుని, వచ్చే శనివారం ఇక్కడికి వచ్చేటప్పుడు ఉత్త డీజిలే పొయ్యమంది.

బేరం నిలిచింది. మిగులు సగమైంది. సత్తియ్య ఆ సగాన్ని వదులుకోలేక మెల్లిగా అడిగాడు.

"మరి తిరిగెళ్లేటప్పుడేటమ్మా?"

ఆవిడ గోపురం వైపు చూస్తూ కొంగు సర్దుకుంది.

"అప్పటికి దర్శనం అయిపోద్ది కదరా," అంది. "కాసులమ్మని ఓ నాలుగు కట్టిమ్మను."