కరెంటు నలభై ఐదు

ఆ రోజు అంజన్న డ్యూటీకి రాలేదు. వచ్చి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. మందుల కంపెనీలకు ఇనుప ట్యాంకులు చేసే ఆ పటాన్‌చెరు షెడ్డులో మీటరు పట్టుకొని రీడింగులు చెప్పేది ఎప్పుడూ అతనే. అతను రాకపోయేసరికి మీటరు సంగప్ప చేతికి వచ్చింది.

సంగప్పది కొండాపూర్ దగ్గర రవళి వాళ్ల ఊరే, ఆమెకు వరసకు కాక, అంటే బాబాయి. ఒకప్పుడు పొలం కూలీ, పదేళ్లుగా ఇక్కడ హెల్పరు. పాలిటెక్నిక్ చదివి మూడు నెలల కింద చేరిన రవళి బయట ప్యానెల్ ముందు కూర్చొని లెక్కలు రాస్తుంది.

వెల్డింగు అయిన ట్యాంకును లోపలి నుంచి వేడిచేయాలి. అందుకు లోపలి గోడకు హీటరు ప్యాడ్లు కడతారు. ఒక్కో ప్యాడ్‌కూ పవర్ ఇచ్చి, ఎన్ని వోల్టులు వస్తున్నాయో, ఎన్ని ఆంపియర్లు పారుతున్నాయో చూడాలి. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, రెంటినీ గుణిస్తే పవర్. మంచి ప్యాడ్ అయితే అరవై వోల్టులు, నలభై ఐదు ఆంపియర్లు. దాని వైరు యాభై ఆంపియర్లు దాటితే మొయ్యదు.

లోపల మనిషి ఉండగా పవర్ ఇవ్వకూడదని గోడమీద ఇంతేసి అక్షరాలతో రాసే ఉంది. సాయంత్రం ఇన్‌స్పెక్షన్ పెట్టుకొని గోడమీది రాతలు ఎవడు చదువుతాడు? ఇంజనీరు రామలింగేశ్వరరావు అసలు చదవలేదు. "ఒక్కో ప్యాడ్‌కీ లోపలికీ బయటికీ తిరుగుతుంటే తెల్లారిపోద్దమ్మా. సంగప్పను లోపలే ఉండనీ" అన్నాడు. రవళికి ఆ మాట నచ్చలేదు. నచ్చలేదని అనే ధైర్యం మూడు నెలల ఉద్యోగానికి ఎక్కడిది?

నాలుగు ప్యాడ్లు సవ్యంగానే గడిచాయి. సంగప్ప ట్యాంకు లోపలి నుంచి రెండు రీడింగులూ ఒకదాని వెనుక ఒకటి చెప్పేశాడు, అరవై, నలభై ఐదు అని. ఐదోదానికి పవర్ ఇవ్వగానే వాకీటాకీలో గొంతు వచ్చింది. పక్కన గ్రైండరు గీపెడుతోంది.

"కరెంటు నలభై ఐదు బిడ్డా..." మధ్యలో ఏదో మాట గ్రైండరు మింగేసింది. "...అరవై!"

రవళి రాసింది. కరెంటు నలభై ఐదు ఆంపియర్లు, వోల్టేజీ అరవై. నిరోధం ఒకటి పాయింట్ మూడు మూడు ఓములు. పవర్ రెండువేల ఏడువందల వాట్లు. పక్కన టిక్కు పెట్టి సంతకం చేసింది. రావు భుజం మీదుగా తొంగిచూసి, పవర్ గడి ఒక్కటే చూసి, "భేష్, అరగంట అలాగే నడవనీ, అతను లోపలే ఉండి చూస్తాడు" అని వెళ్లిపోయాడు.

పది నిమిషాలు కాకముందే మళ్లీ గొంతు. ఈసారి దగ్గు కూడా వచ్చింది.

"బిడ్డా, కరెంటు ఇంకా తగ్గుతుంది. నలభైకొచ్చింది. మనూర్ల మాపటీలి తగ్గుతది సూడు, గట్ల."

ఆంపియర్లు తగ్గితే మంచిదే కదా అనుకుంది రవళి. వెంటనే ఆ ఊరి మాట దగ్గర ఆగింది. మాపటీలి, దీపాలు పెట్టే వేళ, ఊళ్లో తగ్గేది ఏంది? బుగ్గ దీపం మినుకుమినుకుమంటుంది, ఫ్యాను ఈడుస్తుంది, అమ్మ "కరెంటు తక్కువొస్తుంది" అంటుంది. తగ్గేది ఆంపియర్లు కాదు, వోల్టేజీ! కాక నోట కరెంటంటే వోల్టేజీ!

నలభై ఐదు వోల్టులు. అయితే ఆ అరవై?

మళ్లీ భాగించింది. సున్నా పాయింట్ డెబ్బై ఐదు. గుణించింది. అదే రెండువేల ఏడువందలు! అటు గుణించినా ఇటు గుణించినా అదే అంకె. ఆ గడిని నమ్ముకొని ఒక మనిషిని లోపల కూర్చోబెట్టారు. యాభై మోసే వైరు మీద అరవై పారుతోంది, అదీ ఇనుప ట్యాంకులో, ఒక్క మనిషి దూరే కంత తప్ప గాలి రాని చోట.

ఎవరినీ అడగలేదు. మెయిన్ స్విచ్చు దించేసి పరుగెత్తింది.

"ఎవరాపమన్నారు నిన్ను?" రావు అరుపు వెనుక నుంచి వచ్చింది.

కంతలోంచి కాలిన రబ్బరు వాసన గుప్పుమంది. "కాకా! ఓ కాకా!" పలుకు లేదు. రవళి తల లోపల పెట్టి మళ్లీ అరిచింది. దేవుడా, నా సంతకం మీదనే పోతాడా ఈ మనిషి?

పొగలోంచి ఒక చెయ్యి పైకి వచ్చింది. ఇద్దరు వెల్డర్లు ఆ చెయ్యి పట్టి బయటకు లాగారు. సంగప్ప నేలమీద కూలబడి దగ్గి దగ్గి ఊపిరి తీసుకున్నాడు. తర్వాత ఎవరో టార్చి వేసి చూస్తే, లోపల వైరు మీది తొడుగు మూరెడు మేర కరిగి కారిపోయి ఉంది.

రావు ముఖం పాలిపోయింది. అయినా నోరు ఊరుకుంటుందా? "రీడింగు తిరగేసి చెప్పి ప్రాణం మీదికి తెచ్చుకున్నావు కదయ్యా! రిపోర్టులో నీ పేరే రాయాలి."

సంగప్ప బెదిరిపోయి రవళి వైపు చూశాడు. "కరెంటు నలభై ఐదు, గుంజుడు అరవై అన్న బిడ్డా. తప్పు చెప్పిన్నా?"

రవళి అతని పక్కన చతికిలబడి చెయ్యి పట్టుకుంది. వోల్టేజీని కరెంటనీ, మోటరు లాగే ఆంపియర్లను గుంజుడనీ, పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి ఇంట్లో తనూ అన్న మాటే అది. మూడేళ్ల చదువులో ఎప్పుడు మరిచిపోయిందో తనకే తెలియదు.

"తప్పు చెప్పలే కాకా. మనింట్ల చెప్పినట్లే చెప్పినవ్. నేనే ఇనలే" అంది. తర్వాత తలెత్తి, "నా పేరు రాయండి సార్" అంది.