మూత మీద రాసిన పేరు

కణాలు పెంచే డిష్ మూత మీద పేరు రాయకూడదు, అడుగున రాయాలి. మూతలు తారుమారవుతాయి, అడుగు ఎక్కడికీ పోదు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకి ఈ మాట చెవినిల్లు కట్టుకుని పోరేది నేనే. అలాంటి నేనే మూతల మీద రాశాను. ఒకదాని మీద 'తమ్ముడు', ఇంకోదాని మీద 'నేను'.

తమ్ముడికి చిన్నప్పటి నుంచి ఫిట్స్. ఎలక్ట్రీషియన్‌గా చేయి తిరిగినవాడే, కానీ ఎవరూ నిచ్చెన ఎక్కనివ్వరు. కింద నిలబడి వైర్లు అందించమంటారు. ఇప్పటిదాకా ఏ మందూ పనిచేయలేదు. కొత్త మందొకటి వాడికి పనికొస్తుందేమో ముందు ల్యాబ్‌లో చూద్దామని మా ల్యాబ్ హెడ్ మేడమ్ ఒప్పుకున్నారు. వాడి చర్మం కొంచెం, పోల్చుకోవడానికి నా చర్మం కొంచెం తీశాం. ఆ కణాలను మూలకణాలుగా మార్చి, వాటి నుంచి మెదడు కణజాలం పెంచాం. మూడు నెలలకు మిరియపు గింజలంత ఉండలయ్యాయి, రెండు డిష్‌లలోనూ ఒకేలా.

తర్వాత జ్వరమొచ్చి నేను వారం రోజులు రాలేదు. నా బదులు పోషకద్రవం మార్చినామె ఏ డిష్‌లో ఉండలెలా మారాయో కన్నెత్తి చూడలేదట. తిరిగొచ్చిన రోజు నేను తొందరలో రెండు మూతలూ ఒకేసారి తీసి పక్కన పెట్టాను. పనయ్యాక చూస్తే ఏ మూత దేనిదో తెలియలేదు. ఒక డిష్‌లో ఉండలు నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. రెండో దాంట్లో చిన్నవి, వంకరటింకరవి.

"చిన్నవి తమ్ముడివే అయ్యుంటాయి మేడమ్," అన్నాను.

"అయ్యుంటాయని రాసి సంతకం పెట్టమంటావా?" అన్నారావిడ. రెండింటినీ డీఎన్ఏ పరీక్షకు పంపారు. తేలకపోతే రెండూ పారేసి మళ్లీ మొదటి నుంచి.

నాలుగు రోజులు ఎదురుచూశాను. ఐదో రోజు ఫలితం వచ్చింది. వంకరటింకరవి నావి.

రెండుసార్లు చదివాను, నంబర్లు సరిచూశాను. నాకు ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదే. జబ్బున్నవాడివి అంత చక్కగా ఉండి, నావి ఇలా ఉండడమేమిటి?

"ఆకారాన్ని బట్టి ఫిట్స్ సంగతి చెప్పలేం. కణాల మధ్య విద్యుత్ సంకేతాలు ఎలా నడుస్తున్నాయో కొలవాలి," అన్నారు మేడమ్. "నీవి ఎందుకిలా అయ్యాయంటే, నాకూ తెలీదు."

ఆవిడకే తెలియకపోతే ఇక నేనెవర్ని అడగను?

సాయంత్రం తమ్ముడొచ్చాడు. జరిగిందంతా చెప్పాను, రేపు వాడి ఉండలకి మందు మొదలవుతుందని కూడా. తిడతాడనుకుంటే నవ్వాడు. మైక్రోస్కోప్‌లో రెండు డిష్‌లూ చాలాసేపు చూశాడు.

"వైరింగ్‌లో తప్పుంటే గోడ మీద కనబడదక్కా. నేను రోజూ చూసేదేగా."

నేను స్పిరిట్ తడిపిన దూదితో మూతల మీద పేర్లు తుడుస్తున్నాను. వాడు తల ఎత్తకుండానే అడిగాడు.

"పరీక్ష ఫలితం రాకముందు ఏవి నావనుకున్నావు?"

తుడిచిన చోటే మళ్లీ తుడిచాను.

"సర్లే అక్కా," అన్నాడు. "నేనైనా అవే నావనుకునేవాణ్ణి."