మార్చి నెల లాభం

ముందు సగం రంగురంగుల ఫొటోలు, వెనక సగం చీమల బారుల్లాంటి అంకెలు. విజయవాడలో ఒక ప్రెస్సువాళ్లు ఈ రెండు సగాలనూ జిగురుపెట్టి అతికిస్తే నేను పుట్టాను. నేను ఒక వార్షిక నివేదికను. వ్యవసాయ మోటార్లు తయారుచేసే నీలిమేఘ పంప్స్ అనే కంపెనీ, ఏడాదికోసారి తన మంచీ చెడ్డా వాటాదారులకు చెప్పుకోవడానికి నన్ను అచ్చు వేయిస్తుంది.

పుట్టినప్పటి నుంచీ నాకు భయమే. ప్రూఫులు చూడటానికి వచ్చిన కంపెనీ ఆఫీసరు, ముఖచిత్రం మీది వరిచేను ఇంకాస్త పచ్చగా ఉండాలన్నాడు. ఛైర్మన్ గారి సందేశంలో అక్షరాలు పెద్దవి చేయమన్నాడు. వెనక పేజీల్లో ఉన్న వివరణల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, "ఇవి ఇంకొంచెం చిన్నవైతే బాగుంటాయేమో చూడండి" అన్నాడు. దాచకూడదు కాబట్టి చూపించాలి, చూపించినా ఎవరూ చూడకూడదు. మనుషుల ఈ తెలివికి నా వెన్ను జలదరించింది. వెన్ను అంటే, ఆ జిగురు పెట్టిన చోటే.

ఏలూరు బ్రాంచిలో మేనేజరు శేషగిరిరావు గారు నన్ను తెరవలేదు. అట్ట మీద రెండుసార్లు ప్రేమగా తట్టి సేల్స్‌మన్ నిరంజన్ చేతిలో పెట్టారు. కంపెనీ తన ఉద్యోగులకు తక్కువ ధరకు షేర్లు ఇస్తోందనీ, శుక్రవారంలోగా దరఖాస్తు మీద సంతకం పెట్టాలనీ చెప్పారు.

"లాభం నలభై శాతం పెరిగిందయ్యా. మనమే కొనకపోతే ఇంకెవరు కొంటారు? నేనైతే పీఎఫ్ డబ్బు తీసి మరీ పెట్టా" అన్నారు.

అలా పవర్‌పేటలో ఒక రెండు గదుల పోర్షన్‌కి వచ్చి పడ్డాను. ఆ ఇంటికి కొత్త పెళ్లివాళ్ల వాసన. తలుపుకి కట్టిన తోరణం ఎండిపోయినా తీయడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. కుర్చీ ఒక్కటే ఉంది. అందులో ఎవరు కూర్చోవాలన్న దాని మీద రోజుకో తగువు, రోజూ ఇద్దరూ చాప మీదే కూర్చోవడంతో ముగింపు. నిరంజన్ భార్య హైమ బీకాం చదివింది. పెళ్లికి ముందు జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పేది. నన్ను చేతిలోకి తీసుకోగానే మొదట చేసిన పని, మధ్య పేజీ తెరిచి వాసన చూడటం.

"మన శుభలేఖ కంటే దీని కాగితమే బాగుందండీ" అంది.

గోరింటాకు సగం వెలిసిన ఆ వేళ్ల మధ్య నాకు ప్రాణం లేచివచ్చింది. కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఇద్దరూ పెళ్లికి ముందు దాచుకున్నదంతా పెట్టి, అది చాలక బ్యాంకులో లోను కూడా తీసుకుని షేర్లు కొనాలని నిరంజన్ ఆలోచన. నా ముందు పేజీల్లో లాభం బొమ్మ గీసి ఉంది, మెట్లెక్కుతున్నట్టు. ఆ మెట్ల చివర అతనికి అప్పుడే ఒక కారు కనిపిస్తోంది. రంగు విషయంలో కూడా రాజీ కుదిరింది. వెనక్కి తిప్పండి, వెనక్కి తిప్పండి అని నేను లోపల్లోపలే అరుస్తున్నాను. కాగితం అరుపు ఎవరికి వినిపిస్తుంది?

హైమ తిప్పింది. భయపడి కాదు, సరదాకే. పిల్లలకు పాఠం చెప్పి చాలా రోజులైందట, నోరు దురదగా ఉందట. చాప మీద నన్ను పరిచి మొగుడికి పాఠం మొదలుపెట్టింది. లాభనష్టాల పట్టిక అంటే ఏడాది పొడుగునా ఎంత అమ్మామని కంపెనీ చెబుతోందో, ఖర్చులు పోను ఎంత మిగిలిందో అది. బ్యాలెన్స్ షీట్ అంటే మార్చి ముప్పై ఒకటిన తీసిన ఫొటో, ఆ రోజుకి చేతిలో ఏమున్నాయి, ఎవరికి ఎంత బాకీ అన్నది. మూడోది క్యాష్ ఫ్లో, నిజంగా గల్లాపెట్టెలోకి వచ్చిందెంత, పోయిందెంత అన్నది. బిల్లు రాసిన రోజునే లాభం పుడుతుందనీ, డబ్బు మాత్రం ఇచ్చినప్పుడే వస్తుందనీ చెప్పి, మూడో పట్టిక మీద వేలు పెట్టింది. ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

లాభం నలభై శాతం పెరిగిన ఏడాదిలో వ్యాపారం నుంచి రావలసిన డబ్బు రాకపోగా, చేతిలోది పోయింది. ఆ డబ్బంతా ఎక్కడుందో అని ఆమె నా పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పింది. డీలర్ల నుంచి రావలసిన బాకీలు రెండింతలు దాటాయి. ఆ చిన్న అక్షరాల్లోనే, కొందరు డీలర్లు తాము ఇంత బాకీ ఉన్నామని ధ్రువీకరిస్తూ ఉత్తరాలు పంపలేదని ఆడిటరు రాసిన వాక్యం ఉంది. దాన్ని ఆమె రెండుసార్లు చదివింది. ఆ ఇంట్లో నవ్వు ఆగిపోవడం నేను మొదటిసారి విన్నాను.

"డీలర్లు డబ్బెందుకు కట్టట్లేదండీ? మీకు తెలిసే ఉంటుంది కదా."

నిరంజన్ చాప అంచున పుల్ల ఒకటి పీకుతూ కూర్చుని, చివరికి చెప్పాడు. మార్చి ఆఖరి వారంలో అతని టార్గెట్ పూర్తి కాలేదు. భీమడోలులో ఒక డీలరుని బతిమాలి మోటార్లు గోడౌన్‌లో దింపించాడు. అమ్మనక్కర్లేదు, పెట్టెలు విప్పనక్కర్లేదు, బిల్లు మీద సంతకం చాలు, ఏప్రిల్‌లో వెనక్కి తీసుకుపోతామన్నాడు. తీసుకుపోయారు కూడా. ఈ సంగతి ఎవరితోనూ అనలేక ఇన్నాళ్లూ లోలోపలే కుమిలాడు. కంపెనీ మొత్తంలో ఇంత చేతకానివాడు తానొక్కడే అనుకున్నాడు.

హైమ డీలర్ల బాకీల అంకె మీద వేలు పెట్టింది. "మీరొక్కరే చేస్తే ఇది ఇంత అవదండీ."

అప్పుడు అతని మొహం చూసిన నాకు, నా లోపల ఏమున్నాయో మొదటిసారి తెలిసింది. విప్పని పెట్టెలు. నా నలభై శాతం నిండా విప్పని పెట్టెలే.

గుడివాడ బ్రాంచిలో సేల్స్‌మన్ ప్రకాశానికి ఫోన్ చేసి, మాటల మధ్యలో అడిగినట్టు అడిగాడు నిరంజన్. స్పీకర్లోంచి పెద్ద నవ్వు వినిపించింది.

"మార్చిలో దింపనోడెవడ్రా బాబూ? నేనైతే మా బావమరిది ఎరువుల కొట్లో కూడా దింపా. యూరియా బస్తాల మీద మోటార్లు. వాడు పాపం నెల్రోజులు బస్తా బయటికి తియ్యలేక చచ్చాడు."

హైమకి నవ్వొచ్చింది. నవ్వుతూనే మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. షేర్లు కొనకపోతే మేనేజరు ఊరుకోడు, ఉద్యోగం పోవచ్చు. కొంటే ఉన్నదంతా పోవచ్చు. కాఫీ చల్లారేదాకా ఇద్దరూ దాని గురించే మాట్లాడుకున్నారు. ఉద్యోగం పోతే తను మళ్లీ కాలేజీకి వెళ్తానంది ఆమె. అతను సరేనన్నాడు.

శుక్రవారం పొద్దున నన్ను చంకలో పెట్టుకుని బ్రాంచికి వెళ్లాడు. అతని చెమటకి నా అట్ట తడిసింది. సంతకం లేని దరఖాస్తు చూడగానే శేషగిరిరావు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"కంపెనీ మీద నీకే నమ్మకం లేకపోతే డీలర్లకేం చెప్తావయ్యా?"

నిరంజన్ మాటలు వెతుక్కోలేదు. హైమ మడత పెట్టిన పేజీ దగ్గర నన్ను తెరిచి ఆయన ముందు పెట్టాడు. భీమడోలు సంగతి చెప్పాడు, గుడివాడ సంగతీ చెప్పాడు. తిట్లు పడతాయని నేను ముడుచుకున్నాను. తిట్లు రాలేదు. శేషగిరిరావు గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, ఆ చిన్న అక్షరాల మీదికి వంగారు. ఆయన ఊపిరి నా మీద వేడిగా తగిలింది.

"భీమడోలు నాకు తెలుసు. నేనే చూసీ చూడనట్టు ఊరుకున్నా" అన్నారు. "మన బ్రాంచి ఒక్కటే ఇలా చేసిందనుకున్నానయ్యా."

 ఆయన పెట్టిన సంతకంతో పీఎఫ్ డబ్బు షేర్లలోకి వెళ్లిపోయి అప్పటికే వారమైంది.

ఆయన లేచి గది మూలకి నడిచారు. నాతో అచ్చయిన మిగతా పుస్తకాలు అక్కడ తాడు కట్టి ఉన్నాయి. తాడు ముడి విప్పడానికి వేళ్లు కుదరక, పళ్లతో లాగారు. ఒక పుస్తకం తీసి అదే పేజీ చూశారు. దాన్ని కింద పెట్టి ఇంకోటి తీశారు. అందులోనూ అదే అంకె. మూడోది తీశారు. మేమంతా ఒకే అచ్చులోంచి వచ్చామని, ఎన్ని తెరిచినా అదే కనిపిస్తుందని ఆయనకు తెలియక కాదు.

నాలుగోది తెరుస్తూ, ఈసారి ఆ పేజీ దాకా ఒక్కో కాగితమే, చాలా నెమ్మదిగా తిప్పారు.