పక్క మంచం ప్రశ్న

డాక్టరమ్మ ఇచ్చిన నిద్ర కాగితంలో మొదటి పేజీ నాకు నేనే నింపుకోవాల్సింది. ఎన్నింటికి పడుకుంటారు, నిద్ర పట్టడానికి ఎంతసేపు పడుతుంది, పొద్దున ఎలా ఉంటుంది. నిద్రపోతూ గడియారం చూసేవాళ్లు ఎవరున్నారని విసుక్కుంటూనే రాశాను. చిక్కంతా రెండో పేజీలో వచ్చింది. గురక, కలవరింత, కేకలు, ఇవన్నీ పక్కన పడుకునేవారిని అడిగి రాయాలట. అది నిండితేనే మందు సంగతి చూస్తానంది.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఇద్దరుండే గది మాది, నా పక్క మంచం జ్యోతికది. ఎల్బీనగర్‌లో ఒక దవాఖానలో నర్సు, ఎప్పుడూ నైట్ డ్యూటీయే. నేను చీరల షాపులో బిల్లింగ్ కౌంటర్‌కు బయల్దేరే వేళకు ఆమె వస్తుంది. సెలవు దొరికితే తుర్కయంజాల్‌లో వాళ్లమ్మ దగ్గరికి పోతుంది. ఏడాదిగా ఒకే గదిలో ఉంటున్నాం గానీ ఒకరి నిద్ర ఒకరం చూడలేదు.

నిజానికి ఆ గది నేను ఏరికోరి తీసుకున్నదే. అంతకుముందు చంపాపేట్ హాస్టల్లో, నిద్రలో కేకలు పెడుతున్నానని గదిలోని ముగ్గురూ వార్డెన్‌కు చెప్పి నన్ను ఖాళీ చేయించారు. ఏమని అరిచానో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఆ మంట నాకింకా ఆరలేదు. జ్యోతిక కూడా అలాగే చేస్తే మళ్లీ పెట్టె సర్దుకోవాలి. అలాగని ఊరుకుంటే, కౌంటర్లో కునికిపాట్లు పడుతున్నానని ఓనర్ ఉద్యోగం పీకేసేలా ఉన్నాడు. చివరికి సంగతంతా చెప్పి, ఈ సెలవుకు ఇక్కడే ఉండమని ఆమెను అడిగాను.

ఉంది. పొద్దున నేను లేచేసరికి మంచం మీద కూర్చుని ఆ కాగితం చదువుతోంది. అరిచానా అని అడిగాను.

"అరిచినవ్ శ్రీకళక్కా. ఎవరన్నా ఉన్నరా, ఎవరన్నా ఉన్నరా అని ఒక్కటే తీరుగ అడిగినవ్. మా వార్డుల పేషెంట్లు గట్లనే అడుగుతరు. నేనున్న, పండుకో అన్న. మళ్ల తెల్లారేదాంక కదల్లే."

నాకు ఏడుపొచ్చింది. చంపాపేట్‌లో ముగ్గురుండేవాళ్లు. ఆ ఒక్క మాట అనాలని ఎవరికీ తోచలేదు.

గది గురించి పరేషాన్ కావద్దని చెప్పి, జ్యోతిక పెన్ను తీసింది. వారానికి ఎన్నిసార్లని రాయాలో అడిగింది.

"ఒక్కసారే రాయి," అన్నాను. "కడమ రోజులు విన్నోళ్లు లేరు."

ఆమె అలాగే రాసింది. సాయంత్రం డ్యూటీకి పోయింది. ఆమె కప్పుకున్న దుప్పటిని నేను మడతపెట్టకుండా మంచం మీద అలాగే ఉంచాను.