వెనక సీటు కింది అతుకు

షిమ్‌కెంట్ ఊళ్లో కుర్రాళ్లకి కారంటే నేలను రాసుకుంటూ పోవాలి. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టినా సాయత్‌కి ఆ సరదా తీరలేదు. కారును కిందికి దించే పొట్టి స్ప్రింగులు కొనుక్కొచ్చి, సెలవు రోజు పొద్దున్నే పెరట్లో పని మొదలుపెట్టాడు. భార్య గుల్నూర్ పాలు పోసిన టీ తెచ్చిచ్చి, గుంతలొచ్చిన చోటల్లా నువ్వే దిగి కారును ఎత్తుకెళ్దువుగానీ అని వేళాకోళమాడింది.

ముందు చక్రాల పని మధ్యాహ్నానికి తెమిలింది. బండి వెనక భాగాన్ని జాకీ మీద ఎత్తాడు. వెనక స్ప్రింగుల బోల్టులు డిక్కీలోంచి విప్పాలి. లోపలి తివాచీ లాగేశాడు. దాని కింద నల్లటి తారు పూత ఒకచోట పెచ్చు లేచి ఉంది. గోటితో గీకితే ఊడొచ్చింది. అడుగున వెల్డింగ్ గీత కనిపించింది.

స్క్రూడ్రైవరుతో గీకుతూ పోయాడు. గీత ఆగలేదు. సీటు వెనకగా, ఒక చక్రం గూడు నుంచి రెండో గూడు దాకా సాగింది. ముందు సగం ఒక కారుది. వెనక సగం ఇంకో కారుది.

సాయత్ తలెత్తి వెనక సీటు వైపు చూశాడు. మొన్ననే గుల్నూర్ పిల్లలిద్దర్నీ ఆ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కనుమ దాటి తరాజ్ ఊరు వెళ్లొచ్చింది.

ఆ కారు అమ్మింది గుల్నూర్ సొంత అన్న ఎర్మెక్. ఆయన్నీ ఎవరో మోసం చేసుంటారనుకుని, సాయత్ జాలిపడుతూనే ఫోన్ చేసి పిలిచాడు.

ఎర్మెక్ వచ్చి డిక్కీలోకి తొంగిచూశాడు. ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఇదా? మంచి పనివాడి చేత అతికించాను. ఇన్నాళ్లూ ఏమన్నా అయిందా?"

సాయత్ అతని వైపు తిరిగాడు. "మీకు ముందే తెలుసా బావా?"

"తెలియకేం. నీకు నచ్చకపోతే మళ్లీ తారు పూసెయ్. సంతలో ఎవడో ఒకడు కొనుక్కుంటాడు."

గుమ్మంలో నిలబడ్డ గుల్నూర్ అంతా విన్నది. గుమ్మం దిగి కారు దగ్గరికొచ్చింది.

"నా పిల్లలు కూర్చున్నారన్నయ్యా అందులో" అంది. ఎర్మెక్ నవ్వేసి, గోరంతను కొండంత చేయొద్దన్నాడు. ఆమె లోపలికెళ్లి ఇనుము కోసే గ్రైండరు తెచ్చి మొగుడి చేతికిచ్చింది. "కోసెయ్. ఇంకెవరి పిల్లలూ ఎక్కకూడదు."

సాయత్ జాకీ దించి కోత మొదలుపెట్టాడు. నిప్పురవ్వలు లేస్తుంటే ఎర్మెక్ అడ్డం రాబోయాడు. గుల్నూర్ మధ్యలో నిలబడింది. సాయత్ ఆ గీత వెంట సగం కూడా కోయలేదు. మిగతాది తడిసిన అట్టలా దానంతటదే చిరిగింది. వెనక భాగం కుంగిపోయి నేలకు తగిలింది. సందులోంచి పెరటి మట్టి కనిపించింది.

ఎర్మెక్ ఆ సందునే చూస్తూ ఉండిపోయాడు. అంత తేలిగ్గా ఊడిపోతుందని అతనూ అనుకోలేదు. పెరటి తలుపు కూడా వెయ్యకుండా బయటికి నడిచాడు.

సాయత్ చేతుల్లో గ్రైండరు ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపాలన్న సంగతి అతనికి తోచలేదు. గుల్నూర్ వెళ్లి ప్లగ్గు పీకేసింది.