పాముచెవులాయన పవర్ కేబుల్

రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజినీరుగా ఉన్నప్పుడు అందరూ ఆయన్ని పాముచెవులాయన అనేవారు. పాడేవాళ్లు మింగిన గుటక కూడా పట్టేస్తాడని పేరు. రిటైరయ్యాక ఇంట్లో ముందుగదిని పాటల గది చేసుకున్నాడు. ఒకరోజు ఆంప్లిఫయరుకు చేతిమణికట్టంత లావున్న ఖరీదైన పవర్ కేబుల్ తెచ్చి తగిలించాడు.

"ఇప్పుడు విను, వయొలిన్ మీద కమాను జీర కూడా తెలుస్తుంది."

"అవునండీ, బాగా తెలుస్తోంది" అంది భార్య.

ఆవిడ తమ్ముడు లెక్కల లెక్చరరు. చూసి నవ్వాడు. "గోడలో ఉన్నదంతా మామూలు తీగే కదా బావా. చివరి రెండు గజాలకు పట్టుచొక్కా తొడిగితే కరెంటుకేం తెలుస్తుంది?"

ఆయనకు ఒళ్లు మండింది. పరీక్ష పెట్టమన్నాడు. గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కూతురు వెనకనుంచి ఒకసారి ఖరీదైనదీ ఒకసారి మామూలుదీ మార్చి మార్చి తగిలించింది. అడిగిన ప్రతిసారీ ఆయన చెప్పిందే సరైందంది. "ఓడిపోయాను బావా" అని బావమరిది చెంపలు వేసుకున్నాడు.

ఆ ఊపులోనే, ప్లేయరుకూ అలాంటిదే తెస్తానని ఒకనాడు బయల్దేరాడు. వద్దంది భార్య.

"తేడా తెలియకపోతే అవి చెవులా, చిల్లులా?" అన్నాడు.

ఆవిడ మడతపెడుతున్న దుప్పటి పక్కన పడేసింది. "ఆరోజు సగానికి సగం తప్పే చెప్పారు. సరైందనమని నేనే అమ్మాయికి సైగ చేశాను."

"మీ తమ్ముడు?"

"వాడికీ చేశాను."

ఆవిడ అక్కడితో ఆగలేదు. "పాటల్లో గుయ్‌మనే కరెంటు హమ్ ఉండిపోతోందనీ, మీకు వినబడట్లేదనీ స్టూడియో ఓనరు నాకే ఫోన్ చేశారు. మీకు చెప్పొద్దని బతిమాలాను. మిమ్మల్ని రిటైర్ చేసింది అందుకే."

"అందరికీ తెలుసా?"

"మీకు తప్ప."

మర్నాడు కేబుల్ ఊడదీసి కొట్టుకు పట్టుకెళ్లాడు. వెనక్కి తీసుకోమన్నాడు. కొట్టతను నొచ్చుకున్నాడు. "అదేంటి సార్, మీలాంటి చెవులున్నవాళ్లే వదిలేస్తే ఎలా? మీరు చెప్పారనే నలుగురు కొన్నారు."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, కేబుల్ చంకనపెట్టుకుని ఇంటికొచ్చాడు.

తలుపు తీస్తూ, "వెనక్కి తీసుకోలేదా?" అని భార్య మెల్లగా అడిగింది. ఆ మాట స్పష్టంగానే వినబడింది. వినబడనట్టు ఆవిణ్ణి దాటుకుని లోపలికి వెళ్లిపోయాడు.