ఎరువు బస్తాల వెనక తోటకూర

ధవళేశ్వరంలో ఆకుకూరల ప్రదర్శన కేంద్రం అంటే ఒక రేకుల షెడ్డు. లోపల రెండు ఇనుప అరలు. ఒకదానిపైన ఎర్ర ఎల్ఈడీ ట్యూబులు, రెండోదానిపైన ఎరుపూ నీలమూ కలిపి. రెండింటి కిందా ఒకే రోజు చల్లిన తోటకూర. ముప్పయ్యో రోజున కోసి, ఏ రంగు కింద ఎంత ఆకు వచ్చిందో తూచి రాయాలి. ఆ ఫలితాన్ని విశ్వవిద్యాలయం పత్రికలో జయపాల్ పేరుతో వేస్తామన్నారు. అక్కడ కాంట్రాక్టు టెక్నికల్ అసిస్టెంటుగా ఉన్న అతనికి అలాంటి మాట రెండేళ్లలో అదొక్కటే దక్కింది.

ఎన్నికల్లో ప్రభుత్వం మారడంతో, విత్తనం చల్లిన పదో రోజున కేంద్రానికి సురేష్‌బాబుని కొత్త ఛైర్మన్‌గా వేశారు. పదకొండో రోజున ఇన్‌ఛార్జి అధికారి జగన్నాథరావు షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఆ నీలం తీసెయ్యవయ్యా,” అన్నాడు జయపాల్‌తో.

“ఎందుకండి?”

“అది ఎవరి రంగో తెలీనట్టు అడుగుతావేంటి? సురేష్‌బాబు గారు చూస్తే నన్ను ఏజెన్సీకి తోలేస్తారు. పసుపు పెట్టించు.”

“మొక్కకి నీలం ఉండాలండి. లేకపోతే కాడ సాగిపోద్ది, ఆకు రాదు.”

“మొక్కకి ఓటుందా?”

“మరి ఎరుపండి?”

జగన్నాథరావు ఆలోచించాడు. “ఎర్ర జెండా వాళ్లకి ఒక్క సీటూ రాలేదు. ఉండనీ.”

సాయంత్రానికి నీలం ట్యూబులు ఊడి పసుపువి ఎక్కాయి. జయపాల్ రెండో అరలోంచి నాలుగు ట్రేలు స్టోరుగదిలోకి మోసుకెళ్లి, ఊడదీసిన నీలం ట్యూబుల్నీ రెండు ఎర్రవాటినీ వాటిపైన కట్టి, ఎరువు బస్తాలు అడ్డం పేర్చాడు. ఎవరికీ చెప్పలేదు. రోజూ రెండు పూటలా వెళ్లి నీళ్లు పోసి వచ్చాడు.

ఛైర్మన్ ఇరవై తొమ్మిదో రోజున వచ్చాడు. పసుపు అరలో తోటకూర మోకాలెత్తు సాగి వాలిపోతుంటే, కేంద్రంలో పనిచేసే వీరదుర్గ పొద్దున్నే కొబ్బరి ఈనెలు గుచ్చి దారంతో కట్టి నిలబెట్టింది. సురేష్‌బాబు టేపు తెప్పించుకుని కొలిచాడు.

“ఇరవై రెండు అంగుళాలు! నీలంతో ఇంత వచ్చేదా?”

“ఎక్కడొస్తుందండి,” అన్నాడు జగన్నాథరావు. “జానెడు దాటేది కాదు. ఏమయ్యా జయపాలూ?”

“ఆయ్, జానెడేనండి,” అన్నాడు జయపాల్. అది నిజమే. మర్నాడు తూకం ఉంది కదా అని ఆ పైన ఊరుకున్నాడు.

ఫొటోలయ్యాక ఇరవై మందికి భోజనం. మన ఆకుతోనే పప్పు చేయించానని జగన్నాథరావు ప్రకటించాడు. సురేష్‌బాబు మొదటి ముద్ద తిని తల పంకించాడు.

“మా లంకల్లో కూడా ఇలాంటి ఆకు లేదండి. పసుపు పసుపే.”

జయపాల్ కూడా ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. పప్పులో కాడ లేదు, అంతా దళసరి ఆకే. చెయ్యి కడక్కుండానే లేచి వంట వసారాలోకి వెళ్లాడు.

“వీరదుర్గా, ఈ ఆకెక్కడిది?”

“ఏం చెప్పమంటారండి. ఫొటోలవగానే అయ్యగారు కొయ్యమన్నారు. పసుపుదీ ఎర్రదీ రెండూ కోసేసినా గిన్నె అడుగు దాటలేదు, అన్నీ కాడలే. బియ్యానికని స్టోరు తీస్తే బస్తాల వెనక వెలుగండి. ఎంత ఆకండి బాబూ, గుబురుగా! నాలుగు ట్రేలూ కోసేశాను.”

“తూచావా?”

“పప్పులోకి తూచడం ఏంటండి?” అని ఆవిడ నవ్వింది. “ఇంకొంచెం వెయ్యమంటారా?”

ముప్పయ్యో రోజున జయపాల్ రిజిస్టరు తెరిచాడు. తుది బరువు అన్న గడిలో మూడు వరుసలకీ ఒకే మాట రాశాడు: ఛైర్మన్ గారి భోజనంలో వడ్డించడమైనది. పక్క గడి ‘మిగులు’. ఎరుపు దగ్గర ‘కాడలు’ అని రాశాడు. ఎరుపూ పసుపూ కలిపిన వరుసలో ‘కాడలు, రెండు బుట్టలు’ అని రాశాడు. ఎరుపూ నీలమూ కలిపిన వరుసలో ‘ఏమీ మిగల్లేదు’ అని రాశాడు.

జగన్నాథరావు అన్ని కేంద్రాలకూ పసుపు ట్యూబుల కోసం ఉత్తరం రాయించే హడావుడిలో ఉన్నాడు. రిజిస్టరు చదవకుండానే సంతకం పెట్టి, ముద్ర వేసి, విశ్వవిద్యాలయానికి పంపించెయ్యమన్నాడు.

జయపాల్ ఆ మధ్యాహ్నమే పంపేశాడు.